ఆసిడ్ తొట్టిలో తంగేడాకు

మా మామగారు పోయారు. సోమవారం పొద్దున ఆసుపత్రి నుంచి మా ఆయన ఒక్కరే వచ్చి, చెప్పులు విప్పకుండా వాకిట్లోనే నిలబడిపోయారు. నేను లోపలికి వెళ్లి పొయ్యి మీది పాలు దించాను. ఏడుపు ఇంతవరకూ రాలేదు.

మామగారు ఇక్కడే, బెంగళూరులో, ఒక బకెట్ల ఫ్యాక్టరీలో కెమిస్టు. ఉక్కు రేకుకు జింకు పూత పట్టాలంటే ముందు ఆసిడ్ తొట్టిలో ముంచి తుప్పు వదిలించాలి. తుప్పు పోయాక ఆసిడ్ ఊరుకోదు, రేకునే తింటుంది. అలా తినకుండా తొట్టిలో కలిపే మందు ఇంగ్లండు సీమ నుంచి వచ్చేది. యుద్ధం వచ్చి ఓడలు ఆగాయి, మందూ ఆగింది. రేకులు కాగితాల్లా పలచబడ్డాయి. తొట్టి పొగకు పనివాళ్లు దగ్గి దగ్గి కూలబడేవారు.

మామగారు ఆకుల మీద పడ్డారు. వేప, కానుగ, హొసకోటె దారిలో కోసుకొచ్చిన తంగేడు, అన్నీ నా పొయ్యి మీదే కాగేవి. ఒక సాయంత్రం రెండు గాజు గ్లాసుల్లో ఆసిడ్ పోసి, ఒకదాంట్లో తంగేడు కషాయం కలిపి, చెరొక మేకు వేశారు.

"చూడమ్మా, అది ఎట్ల బుడగలు కక్కతా ఉండాదో. ఇది చూడు, గమ్మునుండాది."

"ఎందుకు మామా?"

"ఆకులో ఉండే వగరు మేకును మీగడ మాదిరి కప్పుకొనుండాది. ఆసిడ్‌కు దోవ లేదు."

చిన్నప్పుడే బడి మానిన నాకు ఆయన చెప్పిన చదువది.

ఫ్యాక్టరీలో మొదటిసారి కషాయం ఎక్కువై రేకులన్నీ నల్లబడ్డాయి. "ఇది వంటిల్లు కాదప్పా," అన్నాడట యజమాని, అందరి ముందూ. మామగారు ఇంటికొచ్చి, అన్నం తిని, "రేపు పలచగా కాంచుదామమ్మా," అన్నారు. అంతే.

పలచనిది పనిచేసింది. రేకు నిలిచింది. బుడగలు తగ్గేసరికి పొగా తగ్గింది. పనివాళ్లు కళ్ల మంట తగ్గిందని చెప్పిన రోజు ఆయన మజ్జిగ మళ్లీ వడ్డించమన్నారు.

యుద్ధం ముగిసి సీమ మందు మళ్లీ వచ్చింది. ఫ్యాక్టరీవాళ్లు ఇక ఆకులు వద్దన్నారు. మామగారి ఊపిరితిత్తులు అప్పటికే ఆ పొగకు పాడయ్యాయి. "ఇనుముకైతే మందు దొరికెనమ్మా," అని మంచం మీద నవ్వారు. నేను దిండు సర్దాను.

నిన్న ఆయన బట్టలు ఉతికి దండెం మీద ఆరేశాను. ఆసిడ్ చిందిన చోటల్లా చిన్న చిన్న చిల్లులు. ఎండ వాటిలోంచి దూరి పెరటి బండల మీద చుక్కలుగా పడింది. గాలి వీచినప్పుడు చుక్కలన్నీ ఒక్కసారే కదిలి, మళ్లీ నిలిచాయి.