శుక్రవారం బోణీ

పోయినవి ముందు లెక్కపెడతాను. ఒక అద్దె గది, దానికున్న ఆకుపచ్చ షట్టరు. మూడు కుట్టుమిషన్లు. వాటి మీద కూర్చుని కుట్టే ఇద్దరి జీతాలు. ఎర్ర రంగుతో రాసిన ఒక బోర్డు. ఒక పెళ్లిళ్ల సీజను మొత్తం రావలసిన జాకెట్ల పని. ఒక మనిషికి తన చేతి మీద ఉన్న నమ్మకం. వీటిలో ఏదీ నాది కాదు. పోగొట్టింది మాత్రం నేనే.

ఏడేళ్లుగా ఈ బరువు నాతో ఉంది. బరువుల సంగతి నాకు తెలుసు. పన్నెండేళ్లు చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాటా దగ్గర పనిచేశాను. కాయలతో వచ్చిన లారీ టైర్లు చూసి ఎన్ని టన్నులో చెప్పేవాణ్ణి. తర్వాత కాటా ఎక్కిస్తే పెద్ద తేడా వచ్చేది కాదు. నేను పదో తరగతి తప్పాను. సగటులు, శాతాలు, వడ్డీలు నాకెవరూ నేర్పలేదు, నేనే పట్టుకున్నాను. గొప్పకు రాయడం లేదు. నా తప్పు నాకు రాని పనిలో జరగలేదు. బాగా వచ్చిన పనిలోనే జరిగింది. మీకు ఆ సంగతి ముందే తెలియాలి.

ఫ్యాక్టరీ మానేసి నగరిలో పేకింగ్ సామాన్ల అంగడి పెట్టుకున్నాను. కవర్లు, పేపరు ప్లేట్లు, అట్టపెట్టెలు. అదే వీధిలో మరో ముగ్గురు కొత్తగా అంగళ్లు తెరిచారు. గిరి గానుగ నూనె ఆడించేవాడు. దాము సెల్‌ఫోన్లు బాగుచేసేవాడు. మునిలక్ష్మి మగ్గాల ఇంటి పిల్ల. వాళ్ల నాయన మరమగ్గాల మీద నేసిన గుడ్డతో నైటీలు కుట్టించి అమ్మేది, పెళ్లి జాకెట్లు తనే కత్తిరించేది. ముగ్గురూ ముప్పై లోపువాళ్లు. నేనొక్కణ్ణే నలభైకి దగ్గర. నన్ను లెక్కలన్నా అని పిలిచేవాళ్లు. ఆ పిలుపు నాకు ఇష్టంగా ఉండేది. చాలా ఇష్టంగా.

బజారులో పెద్ద అంగళ్లున్నాయి. మా వీధిలోకి జనం రావడమే తక్కువ. ఒకరినొకరం నిలబెట్టుకోవాలని నలుగురం అనుకున్నాం. ఎట్లా అన్నది మునిలక్ష్మి చెప్పింది. వారానికి ఒక రోజు ఒకరి వంతు. వంతు వచ్చినవాళ్లు పొద్దున్నే మిగతా మూడు అంగళ్లకూ పోయి బోణీ చెయ్యాలి. ఊరికే చేతిలో రూపాయి పెట్టి రావడం కాదు, ఇంటికి పనికొచ్చేదేదో కొనాలి. బేరం ఆడకూడదు. ఫోనులో డబ్బు పంపకూడదు, నోటు చేతికివ్వాలి, అంగడివాళ్లు దాన్ని కళ్లకద్దుకోవాలి. ఆ రోజు కనీసం ఒక్కరికైనా ఆ అంగడి పేరు చెప్పాలి. నా కవర్ల మీద నాలుగు అంగళ్ల పేర్లూ అచ్చు వేయించాను. నూనె కొన్నవాళ్లు నైటీల కోసం వచ్చారు. నైటీ కొన్నవాళ్లు ఫోను బాగుచేయించుకున్నారు. ఆరు నెలల్లో నలుగురం నిలదొక్కుకున్నాం. అది నిజం. ఆ పద్ధతి ఇప్పటికీ మంచిదేనంటాను.

సోమవారం నాది. మంగళవారం గిరిది, బుధవారం దాముది. గురువారం వీధికి సెలవు. శుక్రవారం మునిలక్ష్మిది. శని, ఆదివారాలు జనం వాళ్లే వస్తారు, వంతు అక్కర్లేదు. "పేర్లోనే లక్ష్మి ఉండాది, శుక్రవారం ఇంకెవురికిస్తాం?" అని రోజులు పంచింది దామే.

రోజూ సాయంత్రం ముగ్గురూ ఆనాటి అమ్మకం నాకు ఫోనులో పంపేవాళ్లు. నెలకోసారి సగటు తీసి చెప్పేవాణ్ణి. ఆరో నెలలో ఒక గురువారం మధ్యాహ్నం గిరి అంగట్లో కూర్చున్నాం. గానుగ ఆగి ఉంది, చెనక్కాయ పిండి వాసన. నేను చెప్పాను.

"శుక్రవారం ఎప్పుడూ తగ్గతా ఉండాది. మిగతా మూడు రోజుల కంటే నాలుగో వంతు తక్కువ. ఒకరి దగ్గర కాదు, అన్ని సోట్లా."

"శుక్రవారం మంచిరోజు గదన్నా," అన్నాడు గిరి. "ఆ పొద్దే ఎట్లా తగ్గుతాది?"

"రోజు మంచిదే," అన్నాను.

అంతే అన్నాను. మిగతాది వాళ్లే పూరించుకున్నారు. దాము తల గోక్కున్నాడు.

"అంటే సెయ్యా? పోన్లే అక్కా, నా సెయ్యి మాత్రం ఏం గొప్ప? నేను ముట్టుకున్న ఫోన్లు సగం మళ్లీ లేసిందే లేదు."

"నీది పనితనంలే అబ్బా," అంది మునిలక్ష్మి. "అది నేర్చుకుంటే వస్తాది." నవ్వుతూనే అంది. తర్వాత నా వైపు తిరిగింది. "లెక్క సరిగ్గా సూసినావా అన్నా?"

"రెండు తూర్లు సూసినాను."

"నువ్వు సూసినావంటే ఇంకేముండాది. రేపట్నించి నేను రానులే. నా వల్ల మీకు నష్టమొస్తే నాకేం బాగుంటాది?"

కూడికలో తప్పు లేదు. భాగహారంలో తప్పు లేదు. శుక్రవారాలు నిజంగానే తక్కువ. కానీ నగరిలో మగ్గాల కూలి శనివారం పంచుతారు. నాకు ఆ సంగతి తెలుసు. తెలిసే శని, ఆదివారాలను సగటులోంచి తీసేశాను. శనివారం చేతిలో డబ్బు పడే ఇంట్లో శుక్రవారానికి ఏం మిగులుతుంది? ఇది నన్ను నేను అడగడానికి చదువు కావాలా? కాటా మీద నిలబడ్డ లారీని ఒకవైపు నుంచే చూసి బరువు చెప్పినవాడు ఎవడైనా ఉన్నాడా?

ఇంకో సంగతి కూడా ఉంది. దాన్ని రాయకుండా వదిలేద్దామని రెండు రోజులు ఆలోచించాను. ఆ వారమే మునిలక్ష్మి మిగిలిన గుడ్డముక్కలతో సంచులు కుట్టించడం మొదలుపెట్టింది. నైటీలను నా కవర్లో కాక ఆ సంచిలో పెట్టి ఇచ్చేది. గిరికి నచ్చి, నూనె సీసాలకు వంద సంచులు చెప్పాడు. వంద సంచులంటే నాకు వంద కవర్లు తగ్గినట్టు. నేను లెక్క తీసింది ఆ వారమే. ప్రతి నెలా తీసేదే, ఆ వారం తీయడంలో వింత లేదు. కానీ ప్రతి నెలా మొత్తం సగటే తీసేవాణ్ణి. ఏ రోజు ఎవరి బోణీ అని విడదీసింది ఆ ఒక్కసారే. ఎందుకు విడదీశాను? ఏడేళ్లుగా అడుగుతున్నాను. కుళ్లు వల్ల అని ఖాయంగా చెప్పలేను. కాదనీ చెప్పలేను.

ఇంతవరకూ పొరపాటనుకోండి. పొరపాటును ఎవరూ ఏడేళ్లు మొయ్యరు.

శుక్రవారం వంతు నేనే తీసుకున్నాను. నా చేత్తో బోణీ చేశాను. మొదటి శుక్రవారం అమ్మకం అంతే తక్కువ. రెండో శుక్రవారం అంతే. మూడో శుక్రవారం సాయంత్రం, పక్క సందులో మగ్గాల చప్పుడు వింటూ గల్లాపెట్టె మూస్తున్నప్పుడు, శనివారం కూలి గుర్తుకొచ్చింది. ఒక్కసారిగా మొత్తం అర్థమైంది. చెయ్యి మునిలక్ష్మిదైనా నాదైనా శుక్రవారం ఒకటే. ఆ క్షణంలో నాకు సిగ్గు వేయలేదు. లెక్క తేలినందుకు సంతోషం వేసింది. సిగ్గు తర్వాత వచ్చింది, దాము షట్టరు దించి నా దగ్గరికి వచ్చినప్పుడు.

"ఎట్లుండాదన్నా శుక్రవారం? ఏమన్నా లేసిందా?"

"లేసింది," అన్నాను. "బాగుండాది."

ఆ రెండు మాటలే నా నేరం. మిగతావన్నీ వాటి వెనక వచ్చినవే. వాళ్ల అంగళ్లలో పెరగలేదని వాళ్లకు తెలియదా అంటారేమో. తెలుసు. కానీ మొత్తం మీద పెరిగిందని నేను చెప్తే నమ్మారు. లెక్కలన్న చెప్పాడు మరి. లెక్కలన్న అబద్ధం చెప్తాడని ఎవరికి తడుతుంది?

అప్పటికి ఆమెకు ఒక్క ఆర్డరు కూడా పోలేదు. అది బాగా గుర్తుంది. నాలుగు అంగళ్లు దాటి పోయి, తప్పు నాదేనమ్మా అంటే ముగిసిపోయేది. దాము ఒక వారం ఏడిపించేవాడు, అంతే. నేను పోలేదు. ధర ఎంత పెట్టాలి, అప్పు ఎంత తేవాలి, అన్నీ వాళ్లు నన్ను అడిగి చేస్తున్న రోజులు. ఒక్కసారి తప్పానంటే మళ్లీ అడుగుతారా అనుకున్నాను. నా పేరు నిలబెట్టుకోవడానికి ఆమె చేతిని తాకట్టు పెట్టాను.

శుక్రవారం సంగతి గిరి ఇంట్లో చెప్పాడు. చెడ్డతనంతో కాదు, మాటల్లో మాటగా చెప్పాడు. ఆ మాట మగ్గాల వీధికి చేరింది. మీకు తెలియనిదేముంది, పెళ్లి జాకెట్టు మీద మొదటి కత్తెర పడేటప్పుడు జనం ఘడియ కూడా చూస్తారు. ఆ పిల్ల చేతితోనా అన్నారు. ముందు ఒక ఇల్లు, తర్వాత ఒక వీధి. మూఢాలు పోయి ముహూర్తాలు మొదలైనా ఆమె అంగట్లో మిషన్లు ఆగే ఉన్నాయి. నైటీలు అమ్మితే అద్దెకు సరిపోయేది, ఇద్దరి జీతాలకు సరిపోయేది కాదు. నా కవర్లు అయిపోయి కొత్తవి అచ్చు వేయించేటప్పుడు మూడు పేర్లే వేయించాను. అచ్చు ఖర్చు అన్నాను. నాలుగు పేర్లకూ మూడు పేర్లకూ అచ్చు ఖర్చు ఒకటే.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున షట్టరు ఎత్తేసరికి ఆమె ఎదురుగా టీ అంగడి దగ్గర నిలబడి ఉంది. అక్కడినుంచే నన్ను చూసి తల ఊపింది. రాలేదు.

"ఆడ్నే నిలబడినావేంటికమ్మా? రా."

"ఎవురన్నా వచ్చి పోనీన్నా. నీకు బోణీ కానీ."

ఎత్తిపొడుపు కాదు. నిజంగా నా మంచికే అంది. ఒక హోటలతను వచ్చి ప్లేట్లు కొనుక్కుని పోయాడు. అప్పుడు రోడ్డు దాటి వచ్చి తనకు కావలసినవి తీసుకుంది. నోటే ఇచ్చింది. దాన్ని నేను కళ్లకద్దుకోలేదు. అద్దుకుంటే ఏమవుతుందో అని భయం కాదు. అద్దుకుంటే ఆమె నా మొహం చూస్తుందని.

ఏడాది తిరక్కముందే ఆ గది ఖాళీ చేసింది. బోర్డు దించడానికి గిరి, దాము సాయం పోయారు. నేను చిత్తూరుకు సరుకు కోసం పోయాను. ఆ రోజు సరుకు అవసరం లేదు. ఇప్పుడు ఆమె సత్యవేడు వైపు ఒక కంపెనీకి బస్సులో పోయి వస్తుంది. అక్కడ కుట్టుపనే. బాగానే ఉందని దాము చెప్తాడు. ఉండొచ్చు. చేతిలో పని ఉన్న మనిషి, ఎక్కడైనా బతుకుతుంది. కానీ ఆ మాట నన్ను తేలిక చేసుకోవడానికి వాడుకోను.

మా పద్ధతి బతికింది. నగరిలోనే కాదు, పుత్తూరులోనూ కుర్రవాళ్లు బోణీ వంతులు పెట్టుకున్నారు. గుంపు పెద్దదైంది. కొత్తగా అంగడి తెరిచేవాళ్లు నన్ను పిలిచి, ఎట్లా మొదలుపెట్టారో చెప్పమంటారు. శాలువా కూడా కప్పారు. నేను ధైర్యంగా, బాగా చెప్తాను. ఎవరి లాభం వాళ్లు చూసుకుంటే నలుగురూ మునుగుతారని, పక్కవాడి అంగడి పేరు మన నోటి నుంచి రావాలని చెప్తాను. అందులో ప్రతి మాటా నమ్మే చెప్తాను. ఒక్కటి తప్ప. మొదట్లో మేం ముగ్గురం అంటాను. గిరి, దాము పక్కనే ఉంటారు, దిద్దరు. వాళ్లు ఆమె బాధపడుతుందని ఊరుకుంటారు. నేను ఎందుకు ఊరుకుంటున్నానో వాళ్లకు తెలియదు.

పోయిన వారం మునిలక్ష్మి ప్లేట్లకు వచ్చింది. కూతురి పుట్టినరోజట. పొద్దున్నే వచ్చింది. టీ అంగడి ఇప్పుడు లేదు, ఆ చోట ఏటీఎం ఉంది. దాని మెట్టు మీద నిలబడింది. నాకు ఎవరో ఒకరు బోణీ చేసి పోయేదాకా అక్కడే ఉంది. ఏడేళ్ల తర్వాత కూడా. ఈసారి నేను రా అని కూడా అనలేదు. ప్లేట్లు కట్టి ఇచ్చాను. ఆ సాయంత్రమే ఇది రాయడం మొదలుపెట్టాను.

ఆమెకు చెప్తానా? ఇది చదివాక ఆమె పోల్చుకుంటే నేను కాదనను. అంతకు మించి ఈ రోజు మాట ఇవ్వలేను. ఇచ్చి తప్పడం కంటే ఇవ్వకపోవడమే నయం. క్షమించమని అడగడం లేదు. అడిగితే వెంటనే పోనీలే అన్నా అంటుంది. అంత సులువుగా దొరికేదాన్ని తీసుకునే హక్కు నాకు లేదు. శుక్రవారం తక్కువ అమ్మడానికి కారణం శనివారం కూలి. మునిలక్ష్మి చెయ్యి మంచిది. మేం ముగ్గురం కాదు, నలుగురం. ఈ మూడు వాక్యాలూ ఇన్నేళ్లలో మొదటిసారి నా చేత్తో రాశాను. గుండె కొంచెం తేలికైంది. అంతవరకే.

లెక్క ఒకటి మిగిలింది. ఆ ఆరు నెలల్లో మునిలక్ష్మి నా అంగడికి ఒక్క శుక్రవారం తప్పలేదు. నేను సోమవారాలు కొన్ని తప్పాను, సరుకు లారీ కోసం చిత్తూరు పోవలసి వచ్చి. పోయిన ప్రతిసారీ తర్వాత చేస్తాలేమ్మా అన్నాను. ఎప్పుడన్నా చెయ్యన్నా, యాడికి పోతాను అనేది. ఆమె అంగడి ఉన్న చోట ఇప్పుడు ఎవరిదో గోడౌను ఉంది, షట్టరు మార్చేశారు. చెయ్యాల్సిన సోమవారాల్లోంచి చేసినవి తీసేసి చూశాను. రెండుసార్లు కాదు, మూడుసార్లు చూశాను.

తొమ్మిది బోణీలు. ఇంకా బాకీ.