గవ్వల తాడు

నా చిన్నప్పుడు తలనొప్పిగా ఉందని చెప్పాలంటే భయం. చెబితే బడి ఎగ్గొట్టే వేషాలనేవారు. ముందుగా కళ్ళెదుట వల కళ్ళలాంటి గళ్ళు మెరిసేవి. ఆ తర్వాత తల ఒకపక్క పగిలిపోయేది, వాంతి అయ్యేది. మైపాడు పక్కన సముద్రపొడ్డు ఇసకలో మా పాక. ఎండ పొద్దున్నే కళ్ళలో పొడిచేది.

ఎనిమిదో ఏట ఒకరోజు ఆ నొప్పిలోనే పడిపోయి కాళ్ళూ చేతులూ కొట్టుకున్నానట. చేతిలో తాళంచెవులు పెట్టారు. మళ్ళీ అలాగే అయ్యేసరికి మా తాత నా నుదుటి మీద వాత పెట్టించాలన్నాడు. మా పల్లెలో మూర్ఛకు అదే వైద్యం. వాత పడిన నుదుళ్ళు నేను చూసినవే. ఏడవడానికి కూడా ఓపిక లేక ఒక మూల కూర్చున్నాను.

అడ్డుపడింది మా మేనత్త. మొగుడు పోయి పుట్టింటికొచ్చిన మనిషి, తలకు గుడ్డ బిగించుకుని పొద్దస్తమానం వలలు బాగుచేసేది.

"రెండు నెలలు ఆగు నాయనా. తలనొప్పి దొంగ వేషం, మూర్ఛ గాలి చేష్ట అంటా ఉండారే, ఆ రెండూ ఒకటేనేమో నేను చూసి చెప్తా" అని తాతతో అంది. తాత విసుక్కుని ఊరుకున్నాడు.

అత్తకు చదువు రాదు. వల అల్లే తాడొకటి గుంజకు కట్టి, రోజూ సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అడిగేది. తల నొచ్చిన రోజుకు ఒక ముడి, పడిపోయిన రోజుకు ఒక గవ్వ. నా మాట ఒక్కసారీ అబద్ధమనలేదు.

రెండు నెలలకు పదకొండు ముళ్ళు, మూడు గవ్వలు అయ్యాయి. ముడి పక్కన కాకుండా ఒక్క గవ్వా లేదు.

ఆ తాడు పట్టుకుని నన్ను నెల్లూరు తీసుకెళ్ళింది. అత్త ముళ్ళ లెక్కా గవ్వల లెక్కా చెబుతుంటే డాక్టరు దాన్ని వేళ్ళ మధ్య జరుపుతూ చూశాడు. కొందరు పిల్లల్లో ఈ రెండూ కలిసే ఉంటాయని, వాత జోలికి పోవద్దని, ఎండలో ఖాళీ కడుపుతో తిరగనివ్వద్దని చెప్పి మాత్రలు రాశాడు. ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి తలనొప్పి ఉందా అని అడిగాడు.

అత్త తలగుడ్డ సవరించుకుంది. "నాకుండాదయ్యా. చిన్నప్పట్నించీ" అంది.

నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్న గుడ్డ అది. ఎందుకు కట్టుకుంటావని ఇంట్లో ఎవరం అడగలేదు.

తాత మళ్ళీ వాత మాట ఎత్తలేదు. మూర్ఛలు మెల్లగా ఆగిపోయాయి. తలనొప్పి మాత్రం డెబ్బై దాటినా వదల్లేదు. వచ్చిన రోజు దేనికీ ఓపిక ఉండదు, గుడ్డ కట్టుకుని పడుకుంటాను. అప్పుడు మా అత్త గుర్తొచ్చి సిగ్గేస్తుంది. నాకోసం పదకొండు ముళ్ళు వేసిందామె. ఆమె నొప్పికి మేమెవరం ఒక్క ముడీ వేయలేదు.