మామయ్య స్పేరు కాలేయం

ల్యాబులో ఆమెను అందరూ దాది అంటారు. పిండం నుంచి వచ్చిన మూలకణాలను పెంచి పెద్దచేసి కాలేయ కణాలుగా మార్చడం ఆమె పని. ఆ కణాలు ఇంకా ఏ వృత్తీ ఎంచుకోని పసివాళ్ళు. రోజూ గులాబీ రంగు ద్రవం మార్చి, అందులో ఎప్పుడు ఏది కలపాలో, ఏది మానాలో చూసుకోకపోతే కాలేయం కావలసినవి గుండె కణాలై కూర్చుంటాయి. వాటికి ఆదివారాలు తెలియవు కాబట్టి ఆమెకూ లేవు. "ఒక్కపూట పస్తుపెడితే అలుగుతాయి వెధవలు" అని ముద్దుగా తిట్టుకుంటూ సెలవు రోజు కూడా పరిగెత్తేది.

మామయ్య, అంటే వాళ్ళమ్మకు తమ్ముడు, బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. కాలేయం పాడవుతోందని, మందు మానకపోతే తన చేతుల్లో ఏమీ ఉండదని డాక్టరు చెప్పాక బుద్ధిగా మానేశాడు కూడా. అయితే ఒకరోజు భోజనాల దగ్గర మేనకోడలు తన పని గురించి కాస్త గొప్పలు పోయింది. మామయ్యది సగం విని లేచిపోయే చెవి. మర్నాడే అటకమీది సీసా కిందికి దిగింది.

"నాకేం భయం? మా అమ్మడు నాకు స్పేరు తయారుచేస్తోంది," అని వీధిలో కనిపించిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు.

అత్తయ్య తిన్నగా మేనకోడలి ఇంటికొచ్చి పడింది. "నీ చదువు నా కొంప ముంచిందే! డాక్టరు మాట వినే మనిషిని నువ్వే చెడగొట్టావు. నువ్వే బాగుచెయ్యి."

దాదికి నిజంగానే భయం వేసింది. తన గొప్పలు మామయ్య ప్రాణం మీదికి తెచ్చాయి. బతిమాలితే వినే ఘటం కాదు, కాబట్టి ల్యాబుకు తీసుకెళ్ళి, కోటూ తొడుగులూ వేసి, మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. పళ్ళెంలో నిగనిగలాడే కాలేయం ఉంటుందనుకుని వచ్చిన పెద్దమనిషికి, చిన్న డిష్‌లో ఒకదానికొకటి ఆనుకున్న పలకల్లాంటివి కనిపించాయి.

"ఇదేనా? గోరంత కూడా లేదే!"

"ఇంతే మామయ్యా. మనిషికి బిగించేంత కాలేయం చెయ్యడం మాకింకా చేతకాదు."

"ఇవాళ గోరంత, రేపు కొండంత. తొందరేముందిలే," అన్నాడు మామయ్య, బస్సు రిపేరుకు గడువు ఇచ్చినట్టు.

అప్పుడు ఆమెకు కొంటె ఆలోచన వచ్చింది. "సరే. నువ్వు డిపోలో టెస్టు చెయ్యకుండా ఏ స్పేరైనా బిగించావా?"

"ఛ! ఎంత మాట!"

ప్రయోగం ముగిసి పారేయాల్సిన డిష్‌లు కొన్ని ఉన్నాయి. ఎవరు చూసుకునే డిష్ మూత మీద వాళ్ళ పేరు రాయడం అక్కడి పద్ధతి. ఒకదాని మీద 'మామయ్య' అని రాసింది. అతను రోజూ తాగినంతా నిజాయితీగా ఫోన్‌లో చెప్పాలి. అందుకు తగ్గ వాటా ఆల్కహాలు ఆమె ఆ డిష్‌లో పోస్తుంది. మామయ్య నవ్వుతూ ఒప్పుకున్నాడు.

వారం తిరక్కుండా డిష్‌లో పలకలన్నీ ముడుచుకుని పైకి తేలాయి. నిజం చెప్పాలంటే దాది లెక్క కంటే నాలుగు చుక్కలు ఎక్కువే పోసింది. పిల్లల్ని పెంచేవాళ్ళకు ఆ మాత్రం కపటం తప్పదు.

"మీ సరుకు నాసిరకం!" అన్నాడు మామయ్య. ముఖం మాత్రం పాలిపోయింది. ఆమె ఇంకో డిష్ మీద పేరు రాసింది.

ఆ రోజు నుంచి ఫోన్‌లో ఒకటే పాట. "ఇవాళ ఏమీ లేదమ్మడూ. నేనెలా ఉన్నాను?"

"నిక్షేపంలా ఉన్నావు మామయ్యా."

అత్తయ్య కూడా ఫోన్ చేసింది. "నమ్మకే! పక్కవీధి స్నేహితుడింట్లో తాగొస్తున్నాడు." దాది మాత్రం మామయ్య చెప్పినట్టే, ఒక్క చుక్క కూడా పోయకుండా ఆ డిష్‌ను కంటికి రెప్పలా చూసుకుంది. తర్వాత అతన్ని పిలిచి చూపించింది.

పలకలు కళకళలాడుతున్నాయి. మామయ్య చాలాసేపు చూశాడు. తల ఎత్తలేదు.

"నిన్న మూడు గ్లాసులు," అన్నాడు చివరికి. "మొన్న కూడా."

ఆమె చుక్కలు పోసే పిపెట్ తీసింది. మామయ్య తొడుగుల చేయి డిష్ మీద అడ్డం పెట్టాడు.

"దీని జోలికి పోకు. ఇది నా మాట నమ్మి బతికింది." చేయి తీసి పొట్ట మీద వేసుకున్నాడు. "లోపలున్నది నా మాట వినదు కదే. నోట్లో పోసిందే దానికి లెక్క."

దాదికి కళ్ళు చెమర్చాయి. మాస్కు ఉంది కాబట్టి సగం ముఖం దాచుకుంది.

నెల దాటాక వాళ్ళింటికి వెళితే అత్తయ్య గుమ్మంలోనే చేయి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళి మామయ్య గ్లాసు చూపించింది. దాని నిండా పాత నట్లు, బోల్టులు.

"దాన్ని ముట్టుకోకండి," అని లోపల్నుంచి మామయ్య కేకేశాడు. "నా స్పేర్లన్నీ అందులోనే ఉన్నాయి."