చెవికి అందని ధైవతం

మా చర్చిలో కీబోర్డు వాయించేది నేనే. బందరులో స్కూలు టీచరుని. విని పట్టుకోవడమే తప్ప సంగీతం నేర్చుకున్నది లేదు. నలభై దాటాక, సరిగ్గా నేర్చుకుందామని శనివారాలు గుడివాడలో ఒక మాస్టారి దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాను.

దిగులు పాటలన్నిటికీ నాకు తెలిసింది ఒక్కటే మైనర్ స్కేలు. మాస్టారు ఇంకోటి చూపించారు. కీబోర్డు మీద డి నుంచి పై డి దాకా అన్నీ తెల్ల మెట్లే.

"మన ఖరహరప్రియ రాగం ఇదేనమ్మా. గాంధారం దిగులుగానే ఉంటుంది. ధైవతం దగ్గరికొచ్చేసరికి మాత్రం కాస్త తల ఎత్తుతుంది, విను," అన్నారు.

అర్థమైంది. చేతికే రాలేదు. ధైవతం దగ్గర నా వేలు పాత అలవాటు కొద్దీ పక్కనున్న నల్ల మెట్టు మీదికి జారిపోయేది. పొద్దున్నే కుక్కరు పెట్టి, అన్నం అయ్యేలోపు అదొక్కటే వాయించేదాన్ని. వానలు వెనకబట్టేసరికి పట్టుబడింది. ఆ స్వరం మోగితే చాలు, లోపల బిగుసుకున్నదేదో వదులయ్యేది.

అంతలో ఒకరోజు లేచేసరికి ఎడమ చెవి దిబ్బడేసింది, లోపల ఒకటే హోరు. ఆ రోజే డాక్టరుకి చూపించుకున్నాను. నరం దెబ్బతిందన్నారు. మందులు వాడితే హోరు తగ్గి, వినికిడి కొంత వచ్చింది. బాగైపోయిందనుకున్నాను.

తర్వాత హంసలదీవి దగ్గర మా ఆడపడుచు వాళ్ల ఊరి చర్చిలో వాయించమన్నారు. ఆ స్వరాల్లో నడిచే పాటే ఎంచుకున్నాను. ఆడపడుచు పాడుతోంది, జనం అందుకుంటున్నారు. ధైవతం దగ్గర నాకు దాని కింది స్వరం వినిపించింది. మళ్లీ నల్ల మెట్టు నొక్కానేమోనని కంగారుగా పైకి జరిగాను. పాట చెదిరిపోయింది. జనం ఒక్కొక్కరే ఆగిపోయారు.

"ఏమైంది వదినా?" అంది ఆడపడుచు మెల్లగా.

తల వంచి చూసుకుంటూ మళ్లీ నొక్కాను. వేలు సరైన తెల్ల మెట్టు మీదే ఉంది. చెవిలో మాత్రం నల్లది మోగుతోంది.

"నువ్వు పాడేయమ్మా," అని చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.

శనివారం మాస్టారికి చెప్పాను. ఆయనే ఆ స్వరం వాయించి, "ఇప్పుడు?" అన్నారు.

"రెండు వినిపిస్తున్నాయండీ. కుడి చెవికొకటి, ఎడమ చెవికొకటి."

మళ్లీ వాయించారు. మెల్లగా, గట్టిగా, ఒక స్థాయి కింద. ప్రతిసారీ నా మొహంలోకి చూశారు. నేను ప్రతిసారీ తల అడ్డంగా ఊపాను. చివరికి, "టీ తాగుదామమ్మా," అని లేచారు. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తారు?

నరం దెబ్బతినడం వల్లే ఎడమ చెవికి స్వరం కిందికి వినిపిస్తోందని, ఇక ఇంతేనేమోనని డాక్టరు అన్నారు. చర్చిలో ఇప్పటికీ వాయిస్తున్నాను, మెట్ల మీద నుంచి చూపు తిప్పకుండా. పాట అయ్యాక పక్కన కూర్చున్నావిడని, "సరిగ్గానే వచ్చిందాండీ?" అని అడుగుతాను. బాగుందంటారు ఆవిడ. అవునేమో. నాకు తెలిసే దారి లేదు.