అదోమాకో చూసిన నాలుగు బొమ్మలు

దూఫీ అత్త కుమాసి బజారులో ముప్పై ఏళ్లు కూర్చుని అచ్చుబట్టలు అమ్మింది. మోకాళ్లు అరిగాక బజారు మానేసి, వ్యాపారాన్ని ఇంటి ముందుగదిలోకి తెచ్చుకుంది. తానులకు ఫొటోలు తీసి ఫోన్‌లో మా అమ్మకాల పేజీలో పెట్టే పని నాది, బేరం ఆమెది. ఆమెకు చదువు పెద్దగా రాదు. గుడ్డను వేళ్ల మధ్య నలిపి, ఎన్ని ఉతుకులకు రంగు దిగుతుందో మాత్రం చెప్పగలదు.

ఫోన్‌లో జనం చూస్తారు, వెళ్లిపోతారు. అది ఆమెకు మింగుడుపడలేదు.

"బజార్లో అయితే చెయ్యి పట్టుకుని ఆపేదాన్ని. ఇక్కడ ఎవత్తి చెయ్యి పట్టుకోనే?" అనేది.

అలా వెళ్లినవాళ్లను వెనక్కి పిలిచే ప్రకటన ఒకటుందని తెలుసుకుని చెప్పాను. వాళ్లు చూసిన గుడ్డ, దానికి నప్పే తలగుడ్డ, చెప్పులు, పూసలు ఒకే వరసలో ఉంటాయి. వాళ్లు ఫోన్‌లో వేరే ఏదో చూస్తుంటే మధ్యలో వస్తాయి. అత్తకు వెంటనే అర్థమైంది. బజారులో ఆమె గుడ్డ మీద తలగుడ్డ పరిచి చూపించేది అందుకే. దేనికి ఏది నప్పుతుందో ఆమే చెప్పింది. ఆ నెల చాలామంది తిరిగి వచ్చారు.

మాంపోంగ్‌లో ఉండే కొనామా మాత్రం రాలేదు. ఒకప్పుడు ఆ ఇంట్లో పుట్టుక అయినా చావైనా నలభై మందికి ఒకే రకం గుడ్డ అత్త దగ్గరే తీసుకునేవాళ్లు. ఒకరోజు కొనామా మా పేజీలో ఎర్రనలుపు గుడ్డ చూసి, నలభై మందికి సరిపడా ఉందా అని రాసింది. ఉందన్నాం. మళ్లీ పలకలేదు. ఎరుపూ నలుపూ మా దగ్గర చావుకు కట్టే రంగులు.

"ఆమె ఒక్కతీ పోతే నలభై మంది పోయినట్టే. చెప్పులూ పూసలూ కూడా పెట్టి ప్రకటన పంపు," అంది అత్త.

పంపాను. నాలుగో రోజు కొనామా ఫోన్ చేసింది.

"ఏమే దూఫీ, మా అన్న ఎప్పుడు పోతాడా అని కాచుక్కూర్చున్నావా?"

"అయ్యో అక్కా, అదేం మాట!"

"మనిషి లేచి కూర్చుని సూప్ తాగుతున్నాడు. ఫుట్‌బాల్ చూస్తానని నా ఫోన్ తీసుకున్నాడు. గోలు పడేలోపు నీ ఎర్రగుడ్డ వచ్చింది. దాని వెనక నల్లతలగుడ్డ, నల్లచెప్పులు, పూసలు! ఇప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

అన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు భయపడి అడిగింది. ఆయన కోలుకున్నాడు కాబట్టి ఊరుకుంది. గుడ్డ వేరేచోట దొరికిందేమో అనుకున్నాం తప్ప, చావే తప్పిపోయి ఉంటుందని మా ఇద్దరికీ తట్టలేదు.

చావుగుడ్డలన్నిటినీ ఆ వరసల్లోంచి తీసేశాను. అత్త ఫోన్‌లో క్షమాపణ చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే, మా దగ్గర తప్పు ఒప్పుకోవడానికి తీసుకెళ్లే ముప్పై కోడిగుడ్లు, ఒక సంచీ పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని మాంపోంగ్ బండెక్కింది.

అక్కడ మంచినీళ్లిచ్చాక, వచ్చిన పని చెప్పమని అడిగింది కొనామా అన్న అదోమాకోనే. బాగా చిక్కిపోయి ఉన్నాడు. అత్త తల వంచుకుని తప్పు ఒప్పుకుంది. కొనామా గోడవైపు చూస్తూ కూర్చుంది.

"అన్నీ బాగానే ఉన్నాయిగానీ, ఆ పూసలు మరీ సన్నవమ్మా," అన్నాడాయన. "నా చావుకు మా చెల్లెలు అవి వేసుకుంటే ఊరు నవ్వదూ?"

"నోరు మూసుకో అన్నయ్యా!" అంది కొనామా. నవ్వు మాత్రం ఆపుకోలేకపోయింది.

"బతికినవాడికి కట్టే గుడ్డ ఏమైనా ఉందా నీ దగ్గర?" అని అత్తను అడిగాడాయన.

అత్త సంచీలోంచి తెల్లగుడ్డ తీసి ఆయన ఒళ్లో పరిచింది. మా దగ్గర తెలుపు సంతోషానికి కట్టే రంగు. కొనామా లేచి వచ్చి, అంచు పట్టుకుని చాలాసేపు చూసింది.

"నలభై మందికి కావాలి. వచ్చే ఆదివారం చర్చిలో కృతజ్ఞతలు చెప్పుకోవాలి," అంది. "కానీ ఒక్కటి. ఇకమీదట నీ బొమ్మలేవీ నా ఫోన్‌లో కనబడకూడదు. కావలసినప్పుడు నేనే పిలుస్తా."

అత్త నా వైపు చూసింది. అక్కడే కూర్చుని, ప్రకటనలు వెళ్లేవాళ్ల జాబితాలోంచి ఆమె నంబరు తీసేశాను. కొనామా నా భుజం మీదుగా తొంగి చూస్తూ, నిజంగా పోయిందా అని రెండుసార్లు అడిగింది.