సులోచన చూపించని పిల్ల

1948లో నేను మానుకోటలో, అంటే ఇప్పటి మహబూబాబాద్‌లో, ఒక మిషన్ బడిలో లెక్కల టీచర్ని. బడి వదిలాక అక్కడి ఆడపిల్లల హాస్టల్‌కు సూపరింటెండెంట్‌ని. ఆ పేరు పెద్దదే కానీ పనంతా జ్వరాలు చూడడం, తలలు దువ్వించడం, ఇల్లు గుర్తొచ్చి ఏడ్చే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోవడం. రాత్రి అన్నానికి ముందు రోల్ కాల్ ఉండేది. పేర్లు పిలిచి అందరూ ఉన్నారని చూసుకున్నాకే నాకు ముద్ద దిగేది.

హాస్టల్ గోడకు ఆనుకునే మా రెండు గదుల ఇల్లు. మా ఆయన, మా అత్తమ్మ, నడక నేర్చిన మా బాబు ఉండేవాళ్లం. ఆ వేసవిలో మా ఆయనకు జనగామ చర్చిలో ఉపదేశి పని కుదిరింది. నేను బడి మానేసి వెంట వెళ్తానని అందరూ అనుకున్నారు. నేనూ దాదాపు అలాగే అనుకున్నాను. ప్రార్థనలో మోకరిస్తే హాస్టల్ పిల్లలు గుర్తొచ్చేవారు, హాస్టల్లో ఉంటే ఇంట్లో బాబు ఏడుపు వినిపించేది. దేనికీ సరిగ్గా అందడం లేదని దిగులుగా ఉండేది.

అవి ఊళ్లన్నీ ఉడికిపోతున్న రోజులు. దొరలు కోటల్లాంటి తమ గడీలు విడిచి పట్నాలకు చేరుకుంటుంటే, కూలీనాలీ జనం దొరల మీద తిరగబడ్డ సంఘంలో చేరి తుపాకులు పట్టుకుంటున్నారు. పెద్దవంగర అవతలి ఒకే ఊరి నుంచి మా హాస్టల్‌కు ఇద్దరు పిల్లలు వచ్చారు. ఒకరు లచ్చమ్మ, మాదిగ పిల్ల. తండ్రి ఎల్లయ్య గడీలో వెట్టి చేసి, ఆ గడీ మీదికే దండెత్తిన దళంలో కలిసినవాడు. రెండో పిల్ల ఆ గడీ దొర కూతురు సులోచన. ఇల్లు తగలబడ్డాక తండ్రి వరంగల్ చేరి, కూతుర్ని మా దగ్గర వదిలాడు.

మా హాస్టల్లో అందరూ ఒకే బంతిలో కూర్చుని తినాలి. లచ్చమ్మ పక్కన కూర్చోనని సులోచన మొదట్లో పస్తులుంది. తర్వాత తినడం మొదలుపెట్టింది కానీ, మధ్యలో జాగా వదిలి, మొహం అటు తిప్పుకుని తినేది. నేను బతిమాలాను, కోప్పడ్డాను, ఆ పిల్ల కోసం ప్రార్థన చేశాను. ఏమీ మారలేదు.

ఒక ఆదివారం సాయంత్రం, ఇంకా ఎండ పూర్తిగా తగ్గలేదు. బాబుకు ఒళ్లంతా తట్టు పోసి జ్వరం కాలిపోతోంది. తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తుంటే వంటమనిషి పరుగెత్తుకొచ్చింది.

"టీచరమ్మా, తుపాకులోళ్లొచ్చిన్రు. పిల్లలను వాకిట్ల నిలబెట్టిన్రు."

బాబు నా చీర కొంగు వదల్లేదు. మా అత్తమ్మ వాడి గుప్పిట విప్పి ఎత్తుకుంది. "వీనికి నేనున్న, దేవుడున్నడు. గాళ్లకు నువ్వే ఉన్నవు. పో బిడ్డా" అంది.

నేను వెళ్లేసరికి పిల్లలు వరుసగా నిలబడి ఉన్నారు. వచ్చింది దళాల్ని వేటాడుతూ దొరల తరఫున తిరిగే తుపాకీ మనుషులు. వాళ్ల నాయకుడు నన్ను చూసి, "ఎల్లయ్య బిడ్డ ఎవరు? దాన్ని తీస్కపోతే వాడే దిగొస్తడు. నువ్వు దేవుణ్ణి నమ్మేదానివి, ఒట్టేసి చెప్పు" అన్నాడు.

అబద్ధం ఆడకూడదని ఆ పొద్దునే ఆ పిల్లలకు చెప్పాను. "వీళ్లందరు నా పిల్లలే. ఒక్కరిని గూడ ఇయ్య" అన్నాను. వెనకనుంచి మా ఆయన వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

నాయకుడు మమ్మల్ని పట్టించుకోలేదు. అతని చూపు సులోచన మీద పడింది. వరంగల్లో వాళ్ల నాయన దగ్గర ఆ పిల్లను చూసి ఉన్నాడు. "నువ్వు దొర బిడ్డవు గదా! మీ ఇల్లు కాలబెట్టినోని బిడ్డను చూపియ్యి" అన్నాడు.

సులోచన వరుస పొడుగునా నడిచింది. లచ్చమ్మ ముందు ఆగింది. వాకిట్లో ఉన్న ప్రతి పిల్లకూ, అక్షరాలు దిద్దే చిన్నదానికి కూడా, లచ్చమ్మ ఎవరో తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు.

సులోచన లచ్చమ్మ భుజం చుట్టూ చెయ్యి వేసి దగ్గరికి లాక్కుంది. "ఇది నా దోస్తు, మా మేనమామ ఊరి పిల్ల. మీరడిగిన పిల్ల సెలవులకు పోయింది, మళ్ల రాలే" అంది. అదే మాట అతని వెనకున్నవాళ్లకు తడుముకోకుండా ఉర్దూలో కూడా చెప్పింది.

నాయకుడు ఆ చెయ్యి వైపు చూశాడు. దొర బిడ్డ మాదిగ పిల్లను ముట్టుకుంటుందని అతను కలలో కూడా అనుకోలేడు. అందుకే నమ్మాడు. వాళ్లు వెళ్లిపోయాక లచ్చమ్మ నేల మీద కూలబడింది. సులోచన తన చెయ్యి తియ్యలేదు, తనూ పక్కనే కూర్చుంది.

"వాళ్ల నాయిన మీద నీకు కోపం లేదా?" అని తర్వాత అడిగాను.

"ఉన్నది టీచర్" అంది. "గని చిన్నప్పుడు మా గడిల చూసిన. మొగడు దొరకకుంటె పెండ్లాన్ని, నాయిన దొరకకుంటె బిడ్డను గిట్లనే గుంజుకొచ్చేటోళ్లు. ఒక్కలు అడ్డం రాకపోయిరి."

మర్నాడు మా ఆయన లచ్చమ్మను తన చెల్లెలని చెప్పి రైల్లో బెజవాడ చేర్చాడు. అక్కడ మిషన్ బడిలో చదివి, నర్సు పని నేర్చుకుని, చాలా ఏళ్లు భూపాలపల్లి వైపు దవాఖానాల్లో పనిచేసింది. బాబుకు జ్వరం తగ్గింది. జనగామకు మా ఆయన ఒక్కడే వెళ్లి వారం వారం రైల్లో వచ్చేవాడు. బడి మానే మాట మా ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

పోరాటం ఆగిపోయాక ఎల్లయ్య కూతురి జాడ కోసం మా దగ్గరికి వచ్చాడు. జరిగిందంతా చెప్పాను. మెట్ల మీద కూర్చుని విన్నాడు. "గా పిల్ల పుట్టిన్నాడు గడి ముంగట డప్పు కొట్టింది నేనే టీచరమ్మా. ఒక్కసారి చూసి పోత" అన్నాడు.

సులోచన అప్పటికి మెట్రిక్ చదువుతోంది. క్లాసు నుంచి బయటికి రాగానే ఎల్లయ్య లేచి నిలబడ్డాడు. దొరల ముందు భుజం మీది కండువా తీసి నడుముకు చుట్టుకునే పాత అలవాటు కొద్దీ, అతని చెయ్యి కండువా మీదికి పోయి మధ్యలో ఆగింది.

సులోచన అది చూసింది. "ఉండనియ్యి బాపూ" అంది. "లచ్చమ్మను అడిగిన్నని చెప్పు."

ఎల్లయ్య కండువాతో కళ్లు తుడుచుకుని మళ్లీ భుజాన వేసుకున్నాడు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు హాస్టళ్లు నడిపాను. "ఈ పిల్ల ఇంతే, మారదు" అని ఏ టీచర్ నా దగ్గర విసుక్కున్నా, కూర్చోబెట్టి సులోచన సంగతి చెప్పేదాన్ని.