నాలుగో రూట్‌లో రేవు దాటలేదు

మే రెండో వారం. ఉదయం 10:20. ట్రక్కు వెనక తలుపు తెరిచారు. బ్యాగు భుజాన వేసుకుని దిగాను. మూడు అడుగులు వేసి కూర్చుండిపోయాను.

తొమ్మిది వేల వంద అడుగుల ఎత్తు. గాలి ఉంది, ఊపిరికే చాలట్లేదు. కొలరాడోలో ఒక లోయ అది, పేరు చెప్పను. మధ్యలో ఏరు, రెండు పక్కలా స్ప్రూస్ చెట్లు, ఆ పైన కొండల మీద ఇంకా కరగని మంచు. ఈ ఒడ్డున మా క్యాంపు. ఆరు టెంట్లు, ఒక జనరేటర్, ఒక వంట ట్రెయిలర్, పద్నాలుగు మంది మనుషులు. జులై నుంచి కొండ ట్రైనింగ్‌కి దళాలు వస్తాయి. వాళ్ల కోసం పరుగు రూట్లు వేసి పెట్టడం మా పని. పరిగెత్తాలి, కొలవాలి, కార్డు రాయాలి. మళ్లీ పరిగెత్తి ఆ కార్డు సరిచూడాలి.

"పరిగెత్తడం కూడా ఒక డ్యూటీయా అమ్మా?" అని టెక్సాస్‌లో మా ఊరు ఫ్రిస్కోలో ఒక ఆంటీ పకపకా నవ్వింది. డ్యూటీనే ఆంటీ. ఆ ఎత్తులో నాలుగు మెట్లెక్కి చూడండి, తర్వాత నవ్వుకుందాం.

నా ఇంటిపేరు యార్లగడ్డ. అంత పేరు పిలిచే ఓపిక అక్కడ ఎవరికీ లేదు. మొదటి రోజే 'యార్డ్' అయిపోయాను. తొమ్మిదేళ్లప్పుడు ఈ దేశం వచ్చాను. టెక్సాస్‌లో పెరిగాను. కంప్యూటర్ సైన్స్ రెండో ఏడు మధ్యలో వదిలేసి ఆర్మీలో చేరాను. ఆ రోజు నాన్న నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత చాలా నెలలు కూడా మాట్లాడలేదు. అమ్మ మాత్రం ఫోన్‌లో ఒకటే అడిగేది: "నువ్వక్కడ ఏమవుతావే?" సార్జెంట్ అవుతానని చెప్పాను. నా ర్యాంక్ కాగితాలు నాతోపాటే ఆ లోయకి వచ్చాయి. వాటి మీద మా సార్జెంట్ సంతకం పడాలి. వేసవి అయ్యేసరికి ఆ సంతకంతో ఇంటికెళ్లి, మా డైనింగ్ టేబుల్ చుట్టూ కూర్చుని నా మీద జాలిపడే వాళ్లందరి నోళ్లు మూయించాలి. నాకు కావలసింది అదే. దాచుకోవడం ఎందుకు.

ఇక సార్జెంట్. మోంటానా మనిషి. ముప్పై ఎనిమిదేళ్లు, సన్నగా, ఎముకల గూడులా ఉంటాడు. మా వంటవాడు ఆయన్ని కొండమేక అనేవాడు, చాటున. ఆయన పరిగెడితే రాళ్లు కూడా కదలవు. నేను పరిగెడితే ముక్కులోంచి రక్తం. మొదటి వారమంతా నేనే ఆఖరు. తల పగిలిపోయేది, రాత్రి అన్నం సయించేది కాదు.

ఆరో రోజు పిలిచాడు. "యార్డ్, ఇంకో వారం చూస్తాను. ఇలాగే చివర్లో ఈడుస్తూ వస్తే కింద స్టోర్‌కి పంపిస్తా. సాక్సులు మడతపెట్టుకుందువు గాని."

"పంపండి సార్జెంట్. నడిచి వెనక్కొస్తాను."

వంటవాడి చేతిలో గరిటె ఆగిపోయింది. సార్జెంట్ వెళ్లిపోయాడు. పంపలేదు. మూడో వారానికి రక్తం ఆగింది. వేగం మాత్రం పెద్దగా రాలేదు.

అసలు గొడవ కార్డు దగ్గర మొదలైంది. రూట్ కార్డు అంటే అరచేయంత అట్టముక్క. తడవకుండా ప్లాస్టిక్ వేసి ఉంటుంది. ఎంత దూరం, ఎంత ఎత్తు ఎక్కాలి, నీళ్లెక్కడ, ఎంతసేపు పడుతుంది, అంతా దాని మీద ఉంటుంది. కొత్తగా వచ్చే దళం దాన్నే నమ్ముతుంది. ఆ 'ఎంతసేపు' అన్న గడిలో సార్జెంట్ తన టైము రాసేవాడు. ముందు ఆయనే పరిగెత్తేవాడు, వాచీ నొక్కేవాడు, రాసేసేవాడు. ఎవరికీ తప్పనిపించలేదు. అక్కడ అందరూ ముందుండాలని చూసేవాళ్లే. చివర్లో ఉండేవాడి టైము రాయడమంటే సిగ్గు.

నాలుగో రూట్ ఏడు మైళ్లు. క్యాంపు నుంచి ఒడ్డు వెంబడి ఎగువకి పోయి, రేవులో ఏరు దాటి, అవతల వాగు పట్టుకుని పాత గని గుడిసె దాకా ఎక్కి, మళ్లీ అదే రేవుకి దిగాలి. రేవు నుంచి రేవుకి యాభై ఐదు నిమిషాలని సార్జెంట్ కార్డు. నాకు గంటా నలభై. రేవు దగ్గర 'మోకాలి లోతు' అని రాసి ఉంది. అది మే నెలలో, పొద్దున ఆరున్నరకి చూసిన లోతు.

"ఇది తప్పు కార్డు సార్జెంట్," అన్నాను. "అందరికంటే నెమ్మదైనవాడి టైము రాయాలి. మంచు కరిగేది పగలే. మధ్యాహ్నం దాటితే ఏరు పెరుగుతుంది. మీరు తిరిగొచ్చేటప్పుడు మోకాలి లోతు ఉంటుంది. నేనొచ్చేసరికి ఉండదు."

"కార్డు మార్చను. నీ కాళ్లు మార్చుకో."

"కాళ్లు మా అమ్మ ఇచ్చింది. కార్డు మీరు రాశారు."

ఆ రోజే నన్ను తోక చేశాడు. తోక అంటే పరుగులో ఆఖరి మనిషి వెనకాల ఉండేవాడు. ఎంత నెమ్మదైనా అతన్ని దాటి పోకూడదు. మందుల సంచి, ఒక రేడియో తోక దగ్గర ఉంటాయి. రేడియోలో ముందుండే సార్జెంట్ పేరు లీడ్, తోక పేరు టెయిల్. అందరి ముందూ చెప్పాడు: "యార్డ్‌కి చివరంటే అంత ఇష్టం కదా, ఇక చివరే ఉంటుంది." శిక్ష అనుకున్నాడు పాపం. నాకేమో పండగలా అనిపించింది. ఎవరినీ అందుకోనక్కర్లేదు, ఒక్క మనిషిని కనిపెట్టుకుంటే చాలు.

జూన్ మూడో వారంలో ఫ్లోరిడా నుంచి కొత్త జనరేటర్ మెకానిక్ వచ్చాడు. నలభై ఒకటి. భారీ మనిషి, మెత్తని గొంతు, ఇద్దరు కూతుళ్లు. సముద్రమట్టం నుంచి సరాసరి అక్కడికి. మాకు పరుగు ఎప్పుడూ పొద్దున్నే ఉంటుంది. అతనొచ్చిన ఐదో రోజు జనరేటర్ మొరాయించింది. దాన్ని బాగుచేసేసరికి పదకొండైంది. ఆ రోజుకి పరుగు ఉండదనుకున్నాను. "నాలుగో రూట్. మధ్యాహ్నం ఒంటిగంటకి," అన్నాడు సార్జెంట్.

1:05కి బయలుదేరాం. ఎండ చురచురలాడుతోంది. 1:30కి రేవు దాటాం. నీళ్లు అప్పటికే మోకాలి పైకి వచ్చాయి. నేను మెకానిక్ వెనకాలే ఉన్నాను. గుడిసె దాకా ఎక్కడానికే అతనికి గంటా పది పట్టింది. రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. "సారీ యార్డ్," అన్నాడు. "సారీ ఎందుకు, నీళ్లు తాగు," అన్నాను. 2:25కి రేడియోలో సార్జెంట్ గొంతు వినిపించింది: ముందున్నవాళ్లంతా ఏరు దాటేశారట.

మేం రేవుకి దిగేసరికి 3:35.

పొద్దున బయటికి కనిపించే తెల్లబండ మునిగిపోయింది. నీళ్లు బూడిద రంగులో, గట్టు దాకా. అడుగున రాళ్లు దొర్లుతున్న చప్పుడు కాళ్లకి తెలుస్తోంది. దిగువన నలభై గజాల దూరంలో కూలిన చెట్లు ఏటికి అడ్డంగా పడున్నాయి. నీళ్లు వాటి కిందికి దూరి పోతున్నాయి.

"లీడ్, ఇది టెయిల్. రేవులో నీళ్లు పెరిగాయి. దాటలేం. ఓవర్."

"టెయిల్, లీడ్. మేమందరం దాటాం. ఇద్దరూ చేతులు పట్టుకుని దాటండి. ఓవర్."

"మీరు దాటి గంట పైనే అయింది సార్జెంట్. ఇది మీరు చూసిన ఏరు కాదు. ఓవర్."

"ఇది ఆర్డర్, యార్డ్. దాటు. ఓవర్."

ఆ క్షణాన నాకేం కనిపించిందో నిజం చెప్తాను. ఏరు కాదు, టేబుల్ మీదున్న నా కాగితాలు. ఐదేళ్లు చేసిన చాకిరీ. నాన్న మొహం. మెకానిక్‌కి అవేం తెలియదు గానీ, నా వల్ల ఈ పిల్లకి తిట్లెందుకు అనుకున్నాడో ఏమో, "పద, నేను ముందు దిగుతా," అని నీళ్లలో కాలు పెట్టాడు. కాలు పెట్టీ పెట్టగానే అంత మనిషీ పక్కకి ఒరిగాడు. కాలర్ పట్టుకుని వెనక్కి గుంజాను. ఇద్దరం బురదలో వెల్లకిలా పడ్డాం. అతని పెదవులు తెల్లగా అయిపోయాయి.

రేడియో నొక్కాను.

"లీడ్, టెయిల్. నెగటివ్. దాటను. ఇతన్ని దాటనివ్వను. ఈ ఒడ్డునే దిగువకి నడిచి రోడ్డు బ్రిడ్జికి వస్తాం. ఆరు మైళ్లు. ట్రక్కు పంపండి. ఓవర్."

సార్జెంట్ జవాబు వచ్చింది: "ఏం చేస్తున్నావో నీకు తెలుసా?"

"బ్రహ్మాండంగా తెలుసు. ఔట్."

ఆ ఒడ్డున దారి లేదు. కూలిన చెట్లు, బురద, మోచేతుల దాకా గీసుకునే పొదలు. 4:10కి వడగళ్లు మొదలయ్యాయి. మెకానిక్ దగ్గర వానకోటు లేదు, నాది అతనికి సగమే వచ్చింది. ఒకే ఒక ఎనర్జీ బార్ ఉంటే విరుచుకుని తిన్నాం. మోకాళ్లు నొప్పి పుట్టినప్పుడల్లా అతను కూతుళ్ల సంగతులు చెప్పేవాడు. చిన్నది పాము బొమ్మ లేకుండా పడుకోదట. నాకు ఏడుపు, కోపం కలిసి వస్తున్నాయి. ఏ తప్పూ చేయకుండా ఈ మనిషి ఇక్కడ కుంటుతున్నాడు, ఒక అట్టముక్క మీద ఎవడో తన కాళ్ల గొప్ప రాసుకున్నందుకు. ఆ మాట పైకే అనేశాను, తెలుగులో, గట్టిగా. "ఏమన్నావ్?" అన్నాడు. "ప్రార్థన," అన్నాను.

6:50కి బ్రిడ్జి చేరాం. ట్రక్కు ఉంది. మా మెడిక్ దుప్పట్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

ఆ సాయంత్రమే సార్జెంట్ కాగితం నా ముందు పెట్టాడు. ఆర్డర్ ధిక్కరించినందుకు మందలింపు. కింద రెండు గడులుంటాయి. ఒప్పుకుంటున్నాను, ఒప్పుకోవట్లేదు. మామూలుగా అందరూ మొదటిదే గీస్తారు. గీసేస్తే సంగతి అక్కడితో ముగుస్తుంది. నేను రెండోది గీశాను. దాని కింద పెద్ద అక్షరాలతో రాశాను: కార్డు మీద చివరి మనిషి టైము ఉండాలి.

"ఇది పైకి వెళ్తే నీ ర్యాంక్ ఈ ఏడాది రాదు," అన్నాడు. గొంతులో కోపం లేదు.

"తెలుసు సార్జెంట్. పంపండి."

ఆ రాత్రే పంపాడు. ర్యాంక్ రాలేదు. ఆ ఏడాదే కాదు, నేను బయటికి వచ్చేదాకా రాలేదు.

సెప్టెంబర్‌లో లోయ వదిలాను. ఆ చలికాలం నా కాంట్రాక్ట్ అయిపోయింది. ఎయిర్‌పోర్ట్‌కి నాన్న వచ్చాడు. టోల్‌వే ఎక్కాక అడిగాడు: "రాలేదా?" రాలేదన్నాను. ఎందుకో చెప్పాను. విని, "తిన్నావా?" అన్నాడు. ఆ ఒక్క మాటకి కిటికీ వైపు తిరిగి వెక్కివెక్కి ఏడ్చాను.

మొన్న ఒక పాట్‌లక్ విందులో ఈ సంగతంతా విని ఒక అంకుల్ పెరుగన్నం కలుపుకుంటూ అన్నాడు: "ఒక్క నిమిషం పని కదమ్మా, దాటేసుంటే సరిపోయేది. కెరీర్ పాడుచేసుకున్నావ్."

సరిపోయేది కాదు అంకుల్. మర్నాడు మధ్యాహ్నం 3:35కి సార్జెంట్ మా అందరినీ రేవు దగ్గరికి తీసుకెళ్లాడు, ఈ ఒడ్డుకి. ఎందుకో చెప్పలేదు. తన సొంత బ్యాగులో నీళ్ల డబ్బాలు, ఇసుక సంచులు కూరాడు. నా బరువెంతో మెడిక్‌ని అడిగి మరీ అంతే వచ్చేలా తూచాడు. వంటవాడూ ఆయనా కలిసి మోసుకొచ్చి సరిగ్గా రేవులో వదిలారు. అది నిలబడలేదు. రెండు పల్టీలు కొట్టింది. నాలుగు సెకన్లలో కూలిన చెట్ల కిందికి పోయింది. అవతలి వైపు నుంచి బయటికి వస్తుందని అందరం చూశాం. రాలేదు. సార్జెంట్ జేబులోంచి నాలుగో రూట్ కార్డు తీసి, పెన్ను కోసం నా వైపు చెయ్యి చాపాడు. ఇచ్చాను. ఆయన రాసింది నేను చదవలేదు. నా కళ్లు ఆ దుంగల మీదే ఉన్నాయి. వాటి మధ్యలోంచి బ్యాగు పట్టీ ఒకటి నీళ్లపైకి లేచింది, పడింది, మళ్లీ లేచింది. మేం అక్కడున్నంతసేపూ అది ఆగలేదు.